దొమితిలా వేసే రెండు ముడులు

మా ఊళ్ళో చక్కెర అంటే మిల్లు, చక్కెర అంటే జబ్బు కూడా. "ఫలానా వాడికి చక్కెర వచ్చిందట" అని ఎవరైనా అంటే, మిల్లులో పని దొరికిందో, రోజూ వేలికి సూది గుచ్చుకునే రోజులొచ్చాయో చెప్పేవాళ్ళ మొహం చూసి తెలుసుకోవాలి. నేను పందొమ్మిదేళ్ళుగా ఆరోగ్యకేంద్రంలో పనిచేస్తున్నాను. నర్సుని కాను. టీబీ వచ్చినవాళ్ళ ఇళ్ళకి రోజూ పొద్దున్నే మాత్రలు పట్టుకెళ్ళి, నా కళ్ళముందే మింగించి, కార్డు మీద టిక్కు పెట్టుకుని వచ్చే మనిషిని. "నోరు తెరు, నాలుక ఎత్తు" అనడమే నా ఉద్యోగం. పేరు సొలెదాద్. అందరూ చోలె అంటారు. ఎదురుగా లేనప్పుడు ఇంకేదో అంటారట, అది నాకనవసరం.

దొమితిలా గురించి చెప్పాలంటే ముందు ముడి గురించి చెప్పాలి.

ఇరవయ్యారేళ్ళు ఆమె మిల్లు రెండో గేటు దగ్గర తమాలెలు అమ్మింది. మొక్కజొన్న పిండి ముద్దలో మిరపకాయ కూరో, పంది మాంసమో పెట్టి, పొత్తు తొక్కలో చుట్టి, పెద్ద కుండలో ఆవిరి మీద ఉడికించడం ఊళ్ళో ఎవరికైనా వచ్చు. అందరూ తొక్క కొస మడిచి వదిలేస్తారు. దొమితిలా మాత్రం తొక్కనే సన్నగా చీల్చి, ఆ చీలికతో నడుం దగ్గర ఒక ముడి, దాని మీద ఇంకో ముడి వేసేది. ఆ ముడి గోళ్ళకి లొంగదు. పళ్ళతో తెంపాల్సిందే. అమ్మడం మొదలుపెట్టిన కొత్తలో ఒకడి తమాలె జారి బురదలో పడిందట, ఇంకోటి ఊరికే ఇమ్మని గొడవ చేశాడట. ఆ మర్నాటినుంచి ఈ ముడులు.

"ఇది తమాలెనా, జైలు తాళమా తల్లీ!" అని లారీలవాళ్ళు అరిచేవాళ్ళు.

"ఆకలున్నవాడు విప్పుకుంటాడు. ఆకలి లేనివాడికి నేనమ్మను, పో," అనేది దొమితిలా.

మా వీధి చివర దోన్యా క్రెసెన్సియా ఉంటుంది, దోన్యా అంటే అమ్మగారు అన్నట్టు. మిల్లు ఆఫీసులో నేల తుడిచే మనిషి. రోజూ ఆరింటి సైరన్‌కి ముందు వచ్చి రెండు తమాలెలు కొనేది, అక్కడే నిలబడి మొదటిది తినేది, తిని "ఉప్పు చాల్లేదు" అనేది. ఇరవయ్యారేళ్ళూ అదే మాట. ఆవిడ మలుపు తిరిగాక దొమితిలా నాతో, "ఆ నాలుక మీద సముద్రాన్ని పోసినా చాలదు కొమాద్రె," అనేది. మర్నాడు ఆవిడ రావడం రెండు నిమిషాలు ఆలస్యమైతే మాత్రం మెడ చాచి వీధివైపు చూసేది.

దొమితిలా కొడుకు రొసెందోకి జ్ఞానస్నానం చేయించినప్పుడు వాణ్ణి ఎత్తుకున్న జ్ఞానతల్లిని నేను. అప్పటినుంచి మేమిద్దరం కొమాద్రెలం. వియ్యపురాళ్ళ లాంటి వరసే, కాకపోతే తిట్టుకోవడానికి ఇంకొంచెం చొరవ ఉంటుంది. ఆమె మొగుడు మకారియో చెరకు కొట్టేవాడు, గుండె ఆగి పోయాడు. తర్వాత కొడుకుని చదివించిందీ, మిల్లులో పెట్టించిందీ, పెళ్ళి చేసిందీ ఆ కుండే. ఇంతకంటే ఆమె జీవితంలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున మూడింటికి లేవడం, పిండి పిసకడం, ముడులు వేయడం. అదేం తక్కువ పనా?

ఐదేళ్ళ కిందట, కోతల కాలంలో, గేటు మలుపులో ఒక చెరకు లారీ ఒరిగిపోయింది. ఆమె మీద పడలేదు, నాలుగడుగుల అవతల పడింది. కుండ బోర్లా పడి ఆవిరి లేచింది. దొమితిలా నిలబడిందల్లా అలాగే నిలబడిపోయింది, పిలిస్తే పలకలేదు. తర్వాత కొన్నాళ్ళకి దాహం మొదలైంది. ఎన్ని నీళ్ళు తాగినా తీరేది కాదు. అప్పటి డాక్టరుగారు పరీక్ష చేసి షుగర్ అన్నాడు. ఊరంతా అంది, భయం వల్లే వచ్చిందని.

మా దగ్గర షుగర్ తిండివల్ల రాదు. భయపడితే వస్తుంది, లేదా కోపాన్ని దిగమింగితే వస్తుంది. నేనూ అదే అన్నాను. పగలు బడికెళ్ళి పిల్లలకి కూల్‌డ్రింకులు మానమని పాఠం చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి "భయమే, ఇంకేముంటుంది" అన్నాను. నా ఒంటిమీద తెల్ల కోటున్నా కడుపులో మా అమ్మమ్మ కూర్చునుంది. దొమితిలాని దిష్టి తీసే ఒతీలియా దగ్గరికి తీసుకెళ్ళింది కూడా నేనే. ఒతీలియాది పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం. బిడ్డ పాలు తాగకపోయినా, మొగుడు ఇంటికి రాకపోయినా అదే కోడిగుడ్డు, అదే తులసి రెమ్మ. మూడు శుక్రవారాలు ఆమె ఒళ్ళంతా దిగతుడిచింది. మూడో శుక్రవారం లారీ పడిన చోటికి వెళ్ళి నేలమీద అరచేత్తో కొట్టి, "దొమితిలా, లే! ఇక్కడ ఉండిపోకు. ఇంటికి పోదాం రా!" అని పిలిచింది. గుడ్డు పగలగొట్టిన నీళ్ళ గ్లాసు నా చేతిలో ఉంది. తెల్లగా దారాలు లేచాయి.

"అదిగో, వదిలింది," అంది ఒతీలియా.

నలభై రోజులు చల్లటివీ, సీసా పానీయాలూ ముట్టవద్దంది. రోజుకి ఆరు సీసాలు తాగే మనిషి ఒక్కసారి మానేస్తే దాహం తగ్గదా మరి? తగ్గింది. గుడ్డుదే మహిమ అనుకున్నాం. షుగర్ మాత్రలు డబ్బాలోకి, డబ్బా అటక మీదికి పోయాయి. నలభై ఒకటో రోజున సీసా మళ్ళీ తెరిచింది.

పోయిన ఏడాది ఏప్రిల్లో దగ్గు పట్టుకుంది. మిల్లు ఊళ్ళో దగ్గు ఎవరికి వింత? కోతకి ముందు చెరకు ఆకు తగలబెట్టినన్నాళ్ళూ నల్ల నుసి ఆరేసిన బట్టల మీదా, అన్నం మీదా పడుతూనే ఉంటుంది. కానీ లంగా నడుం దగ్గర పిన్నీసు, దాని పక్కన ఇంకో పిన్నీసు కనిపించాయి. "ఏంటి కొమాద్రె, పెళ్ళిచూపులకా ఇలా చిక్కుతున్నావు?" అన్నాను. నవ్వబోయి దగ్గింది. తెమడ పరీక్షలో టీబీ అని తేలింది.

మే నెల మొదట్లో కాగితం నింపింది నేను. పదకొండో ప్రశ్న, షుగర్ ఉందా?

"అది పోయింది కదా," అంది దొమితిలా. "గ్లాసు పట్టుకుంది నువ్వేగా?"

టీబీ అని తెలిసిన ప్రతి మనిషికీ మొదటి రోజే వేలు గుచ్చి షుగర్ చూడాలి. ఆ నియమం గోడమీద అంటించి ఉంది, అంటించింది కూడా నేనే. స్ట్రిప్పులు అయిపోయాయని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కానీ సొరుగులో సగం డబ్బా ఉంది. వెనక వరసలో పదిమంది కూర్చున్నారు, అందరూ తెలిసినవాళ్ళే, చెవులన్నీ మావైపే. టీబీ మాట విన్నప్పటినుంచి ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. ఒక్కరోజులో రెండు జబ్బుల పేర్లు ఎందుకులే అనుకున్నాను. "లేదు" అన్నచోట టిక్కు పెట్టాను.

ఆ రోజునుంచి కుండ మూలపడింది. తెమడ శుభ్రమయ్యేదాకా అమ్మకూడదని మా డాక్టరమ్మ నయేలి చెప్పింది. ఏడాదిపాటు పనిచేయడానికి పట్నం నుంచి వచ్చిన పిల్ల, ఇంకా చెవులకి రంగురంగుల లోలకులు పెట్టుకుంటుంది. మామూలుగా కొద్ది వారాల్లోనే తగ్గుతుంది, భయం లేదు అంది. దొమితిలా పెరట్లో ఒక బొగ్గుల కుంపటి పెట్టుకుని తన వంట తను చేసుకునేది. రొసెందో, పెళ్ళాం, పిల్లలు ముందుగదిలో తినేవాళ్ళు. రోజూ నేను మాత్రలు ఇవ్వగానే అదే అడిగేది.

"ఎప్పుడు?"

"తెమడ శుభ్రమయ్యాక."

"చావో బతుకో ఆ దేవుడు చూసుకుంటాడు. నా చేతి తిండి జనం మళ్ళీ తినాలి కొమాద్రె. నాకదొక్కటే కావాలి."

టీబీ ఒంటిని కరిగించే జబ్బు, కరిగిందాన్ని మళ్ళీ పెట్టాలి. ఇది మా అమ్మమ్మ మాట. అందుకని రోజూ మాత్రలతోపాటు మా ఇంట్లో కాచిన మొక్కజొన్న జావ, బెల్లం దండిగా వేసింది, పెద్ద లోటాడు తీసుకెళ్ళేదాన్ని. తనకో గ్లాసు, తోడుగా నాకో గ్లాసు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు నేను రెండు నెలలు నా చేత్తో కాచి పోశాను. జులైలో తెమడలో క్రిములు అలాగే ఉన్నాయి. బరువు రెండు కిలోలు తగ్గింది.

"మాత్రలు ఉమ్మేస్తున్నావు కదూ? నిజం చెప్పు!" అని అరిచాను.

"నీ కళ్ళముందేగా మింగుతున్నా? నాలుక కింద కూడా చూస్తావు కదా, గుర్రం పళ్ళు చూసినట్టు!"

నిజమే. మర్నాటినుంచి జావలో ఇంకో బెల్లం ముక్క ఎక్కువ వేశాను.

ఆగస్టులో ఒకరోజు ఏడింటికి వెళ్ళేసరికి పెరట్లోంచి పంది తోలు కాలుతున్న వాసన వచ్చింది. కుంపటి ముందు ముక్కాలిపీట మీద కూర్చుని మిరపకాయలు వేయిస్తోంది దొమితిలా.

"ఏం కాలుస్తున్నావు?"

"ఏమీ లేదే. మిరపకాయలేగా."

ఆమె కాలివైపు చూశాను. కుంపట్లోంచి నిప్పు కణిక ఒకటి ప్లాస్టిక్ చెప్పులో పడి ఉంది. చెప్పు కరిగి వేలికి అతుక్కుపోయింది. చిటికెనవేలు, పక్కవేలు నల్లగా ఉన్నాయి. నేను చూస్తుంటే తనూ వంగి చూసింది. అది ఇంకెవరిదో కాలన్నట్టు చూసింది.

"అయ్యో," అంది, నెమ్మదిగా. "నొప్పే లేదు. కొన్నాళ్ళుగా కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు తొడుక్కున్నట్టే ఉంటోంది. వయసు అనుకున్నా."

తిమ్మిరెక్కిన ఆ కాలు చూడగానే నాకు తెలిసిపోయింది. పదకొండో ప్రశ్న, సొరుగులో సగం డబ్బా స్ట్రిప్పులు, చేతిలో బెల్లం జావ లోటా. లోటా కింద పెట్టాను. కేకలు వేసి రొసెందోని లేపాల్సింది. వెయ్యలేదు.

ఆరోగ్యకేంద్రంలో నయేలి కాలికి కట్టు కట్టి, ఏమీ అడక్కుండా ఆమె వేలు గుచ్చింది. మిషన్ మీద అంకె రాలేదు. తను కొలవగలిగినదానికంటే ఎక్కువుందని మాత్రం చూపించింది.

"షుగర్ ఉందని తెలుసా మీకు?" అని దొమితిలాని అడిగి, ఫైలు తీసింది. "ఇందులో లేదని ఉంది. వేలు గుచ్చిన అంకె కూడా లేదు. ఇది ఎవరు నింపారు?"

నింపినవాళ్ళ పేరు కింద నా సంతకం ఉంది. అది చదివే అడిగింది. నేను బల్లమీద దూది సర్దుతూ నిలబడ్డాను.

"నేనే లేదన్నా డాక్టరమ్మా," అంది దొమితిలా పడుకునే. "ఆవిడ అడిగింది. నేనే లేదన్నా."

"ఆవిడే లేదంది," అన్నాను నేను కూడా. సిగ్గులేని నోరు!

నయేలి తిట్టలేదు. తిడితే బాగుండేది. "షుగర్ ఎక్కువున్న ఒంట్లో టీబీ త్వరగా లొంగదు చోలె. టీబీ ఉంటే షుగర్ ఇంకా పెరుగుతుంది. ఇవి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతాయి. అందుకే ముందే చూడమనేది," అంది. ఆ మధ్యాహ్నమే మా ఫైళ్ళలో ఉన్న టీబీ వాళ్ళందరినీ పిలిపించింది. పద్నాలుగు మంది. ఐదుగురికి షుగర్ ఉంది. ఆ ఐదుగురిలో ముగ్గురికి అప్పటిదాకా తెలియదు. పందొమ్మిదేళ్ళుగా నేను ఎంతమంది నాలుకల కింద చూశానో! వేళ్ళు మాత్రం చూడలేదు. చివరికి నా వేలు కూడా గుచ్చింది. ఆ అంకె ఇక్కడ చెప్పను.

సెప్టెంబరులో పెద్దాసుపత్రిలో దొమితిలాకి రెండు వేళ్ళు తీసేశారు. ఇంటికొచ్చాక కట్టు మార్చే పని నాదే. ఇన్సులిన్ సూది కూడా నేనే ఇచ్చేదాన్ని. జావ మానేసి ఉడికించిన చిక్కుడు గింజలు, కాల్చిన నాగజెముడు ఆకులు పట్టుకెళ్ళేదాన్ని. ఒకరోజు కట్టు విప్పుతూ అన్నాను.

"ఆ కాగితం మీద లేదని టిక్కు పెట్టింది నేను."

"నేను లేదన్నాగా, అందుకే పెట్టావు."

"ఉందని నాకు తెలుసు."

"నాకూ తెలుసు," అంది దొమితిలా.

వీధిలో గ్యాస్ బండి గంట కొట్టుకుంటూ వెళ్ళింది. ఆమె కాలు నా ఒళ్ళోనే ఉంది, దూదితో తుడుస్తున్నాను, ఆమెకది తెలియడం లేదు. నాకు ఏడుపు వస్తే ఏడుద్దును. రాలేదు.

"గట్టిగా కట్టు," అంది చివరికి. "రెండు ముడులెయ్యి."

అక్టోబరులో తెమడ శుభ్రమైంది. నవంబరులో మిల్లు మొదలైంది, సైరన్ మోగింది, నుసి రాలడం మొదలైంది. కాలు పచ్చిగా ఉండటం వల్ల, మందులు ఇంకో మూడు నెలలు పొడిగించడం వల్ల నయేలి ఆమెని గేటు దగ్గరికి పోనివ్వలేదు. ఆ గేటు దగ్గర అప్పటికే ఎవరో రొట్టెలమ్మాయి నిలబడుతోంది.

జనవరి ఆరున మా వీధంతా కలిసి ఒకే పెద్ద చుట్ట రొట్టె తెప్పించుకుంటాం. అందులో వేలెడంత బాలయేసు బొమ్మని దాస్తారు. బొమ్మ ఎవరి ముక్కలో వస్తే ఫిబ్రవరి రెండున వాళ్ళు అందరికీ తమాలెలు పెట్టాలి. తప్పించుకోవాలని బొమ్మని మింగేసినవాళ్ళు కూడా ఉన్నారు మా వీధిలో. కత్తి క్రెసెన్సియా చేతిలో ఉంది. దొమితిలా అందరికీ కాస్త ఎడంగా, కర్ర పట్టుకుని కూర్చుంది. నయేలి పలచటి ముక్క ఒక్కటి తినొచ్చంది. ఆ పలచటి ముక్కలోంచే బొమ్మ కాళ్ళు బయటికొచ్చాయి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రొట్టె నములుతున్నవాళ్ళు నమలడం ఆపారు.

"పాపం, ఒంట్లో బాగాలేని మనిషి," అంది క్రెసెన్సియా, చాలా తీయగా. "ఈ ఏడాదికి మేమే పెడతాంలెండి దోన్యా దొమితిలా. మీకెందుకు శ్రమ?"

"బొమ్మ నాకొచ్చింది," అంది దొమితిలా. దాన్ని తీసి రవికలో దోపుకుంది.

ఇంటికెళ్ళేటప్పుడు నా భుజం పట్టుకుని నడుస్తూ అంది. "ఆ రోజు వాళ్ళు తిన్నారా, సోమవారం గేటు దగ్గర కుండ పెడతా. తినలేదా, కుండని పాత ఇనుము వాడికిచ్చేస్తా. ఇక అడగను."

జనవరి ఆఖరులో చివరి పరీక్ష కూడా శుభ్రంగా వచ్చింది. కార్డు మీద ఆఖరి గడిలో "గుణమైంది" అని రాశాను. ఆ మాట రాస్తే నాకు సంతోషం కలగాలి. రాశాను, తేదీ వేశాను, ఫైలు మూశాను. దొమితిలా అడిగిందని రొట్టెల దుకాణం వరసలో నిలబడి కార్డు పైకెత్తి గట్టిగా చదివాను. "టీబీ లేదు! పూర్తిగా పోయింది! డాక్టరమ్మ సంతకం ఇదిగో!" అందరూ దేవుడి దయ అన్నారు. చాలా సంతోషం అన్నారు. సిలువ గుర్తు వేసుకున్నారు.

ఫిబ్రవరి రెండు శుక్రవారం. దొమితిలా ముక్కాలిపీట మీద కూర్చుని ముందురోజంతా పిండి పిసికింది. ఎనభై తమాలెలు, నూట అరవై ముడులు. నేను తొక్కలు చీల్చి ఇచ్చాను. ముడి నన్ను వెయ్యనివ్వలేదు. మధ్యాహ్నం జనం గిన్నెలు, సంచులు పట్టుకుని వచ్చారు. నయేలి నిలబడే ఒకటి తిని, ఇంకోటి అడిగింది. నేను రెండు తిన్నాను. రొసెందో మూడు తిన్నాడు, వాడి పెళ్ళాం పిల్లలకి తుంచి పెట్టింది. మిగతావాళ్ళు తీసుకున్నారు.

"ఇంటికెళ్ళి పిల్లలతో కలిసి తింటాం," అన్నారు.

"వేడిగా ఉన్నాయి, చల్లారాక తింటా," అంది క్రెసెన్సియా. పూల బొమ్మలున్న సంచీలో ఆరు పెట్టుకుంది.

మూడింటికల్లా కుండ ఖాళీ అయింది. దొమితిలా కుండలోకి వంగి చూసి, చెయ్యి పెట్టి తడిమి, "ఒక్కటీ మిగల్లేదు కొమాద్రె!" అంది. ఆమె మొహం అంత వెలిగిపోవడం నేను ఏడాదిగా చూడలేదు.

మర్నాడు శనివారం, రైలు పట్టాల అవతల ఉండే ఇంకో టీబీ మనిషికి మాత్రలివ్వడానికి కాలవ గట్టు మీదుగా వెళ్ళాను. మా వీధి చెత్తంతా పడేది అక్కడే. రెండు కుక్కలు దేన్నో లాగుతున్నాయి. దగ్గరికెళితే తొక్కలు. కొన్నిటిని కుక్కలు చింపాయి. మిగతావి చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి, రెండు ముడులూ బిగువుగా. పక్కన పూల సంచీ, మూతి బిగించి ఉంది. కాలితో కదిపాను. బరువుగానే ఉంది.

లెక్కపెట్టలేదు. నాకు కోపం రావాలి, వీధిలో నిలబడి ఒక్కొక్కరి పేరూ పిలిచి కడిగెయ్యాలి. నా నోరు ఊరికే ఉండే నోరు కాదు. కానీ ఆ గట్టు మీద నిలబడితే నాకేమీ అనిపించలేదు. ఎక్కడో కాలుతోందని తెలుస్తోంది, నొప్పి మాత్రం రావడం లేదు.

దొమితిలా ఇంటికెళ్ళేసరికి కుండ తోమి బోర్లించి ఉంది. సూది మందు కోసం చెయ్యి చాచింది. నేను సీసా కదుపుతుంటే అడిగింది.

"ఏమన్నా అన్నారా జనం? బాగున్నాయన్నారా?"

బాగున్నాయన్నారు అంటే నమ్మదు. కార్డు చదివిన రోజున అందరూ సంతోషం అన్నారే, ఇదీ అలాంటిదే, ఊరికే నోటితో అనేది. నేను సూదిలో మందు ఎక్కించేదాకా ఆగాను.

"ఉప్పు చాల్లేదట," అన్నాను.

"ఎవరు?"

"ఇంకెవరు? మన క్రెసెన్సియా."

దొమితిలా ముందు నా మొహం చూసింది. తర్వాత ఒక్కసారిగా పకపకా నవ్వింది. నవ్వుతుంటే సూది పక్కకి పోతుందని తిట్టాను. తిననిదే ఉప్పు సంగతి ఎవరికి తెలుస్తుంది? ఆ మాట పైకి అనలేదు ఆమె, అనక్కర్లేదు. "సోమవారం ఉప్పు దట్టిస్తా! చూద్దాం ఆ ముసల్దాని పని!" అంది. ఆమె కాగితం మీద ఒకసారి అబద్ధం రాశాను. ఇది రెండోది.

సోమవారం ఐదున్నరకి రొసెందో కుండ మోసుకొచ్చి గేటు దగ్గర పెట్టి డ్యూటీకి పోయాడు. దొమితిలా మునుపటి చోటే పీట వేసుకుంది. రెండు వేళ్ళు లేని కాలికి పెద్ద చెప్పు, చేతిలో కర్ర. నేను కావాలనే తెల్ల కోటు వేసుకుని, మాత్రల సంచీ భుజాన తగిలించుకుని వెళ్ళి, మొదటి తమాలె తీసుకుని అందరూ చూసేలా పళ్ళతో ముడి తెంపి తిన్నాను. జనం వస్తున్నారు. కుండని చూసి, ఆమెని చూసి, "లేచి తిరుగుతున్నారన్నమాట, సంతోషం" అని లోపలికి పోతున్నారు. రొట్టెలమ్మాయి దగ్గర వరస కట్టారు. రెండో తమాలె కూడా తిన్నాను. పొట్టలో చోటు లేదు, షుగర్ సంగతి సరేసరి. ఆరు కావడానికి ఎనిమిది నిమిషాలుంది. దొమితిలా కుండ మూత తీసింది, పెట్టింది, తీసింది.

అప్పుడు మలుపులో క్రెసెన్సియా కనిపించింది. కుండని చూసి అవతలి పక్కకి దాటబోయింది.

"దోన్యా క్రెసెన్సియా!" అని కేకేసింది దొమితిలా. గేటు దగ్గరున్న వాళ్ళందరూ తిరిగి చూశారు. "మీ మాట నాకు అందిందిలెండి! ఉప్పు చాల్లేదన్నారటగా! ఈసారి గుప్పెడు ఎక్కువేశా, రండి, తిని చెప్పండి!"

క్రెసెన్సియా రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ముందు దొమితిలా మొహం చూసింది, తర్వాత నా మొహం. నేను ఆమె చేతిలో ఉన్న సంచీవైపు చూశాను. కొత్త సంచీ. ఆమె కూడా తన సంచీవైపు చూసుకుంది.

వచ్చింది. తమాలె తీసుకుంది. ముడి మీద గోళ్ళతో కాసేపు పోరాడింది, వదిలేసి పళ్ళు పెట్టి తెంపింది. తొక్క విప్పింది. రొట్టెల వరసలో ఉన్నవాళ్ళు కూడా చూస్తున్నారు. కొరికింది. నమిలింది. చాలాసేపు నమిలింది. మింగింది.

దొమితిలా కర్ర రెండు చేతులతో పట్టుకుని చూస్తోంది.

"ఇప్పటికీ చాల్లేదు," అంది క్రెసెన్సియా.

వెనకనుంచి ఒక లారీవాడు గట్టిగా నవ్వాడు. దొమితిలా మూత తీసి, రోజూ ఇచ్చినట్టే, రెండోది కూడా ఆమె చేతిలో పెట్టింది.